మచ్చ దాటి జానెడు

సొన్నమ్మ గురించి చెప్పాలంటే వేళ్ళతో మొదలుపెట్టాలి. ముఖం గురించి చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు. కాటన్‌పేటలో ఏ కొళాయి దగ్గర నిలబడినా అలాంటి ముఖాలు నాలుగు కనిపిస్తాయి. వేళ్ళు మాత్రం ఆమెవే. బొటనవేలి కొన, చూపుడువేలి కొన అరిగి అరిగి గీతలన్నీ పోయి గాజుపూసల్లా నున్నబడ్డాయి. ఎక్కడైనా వేలిముద్ర వెయ్యమంటే నల్లమచ్చ పడేది గానీ గీత పడేది కాదు. ఆ మచ్చను చూపించి, "నేను దొంగతనం చేస్తే పోలీసోళ్ళు నన్ను పట్టలేరు" అని నవ్వేది.

ఆమె పని పడుగులు అతకడం. మగ్గం మీద పడుగు అయిపోవస్తుంది, అంటే చీర పొడుగునా పోయే పోగులు అయిపోవస్తాయి. పాత పోగుల తోకలు దువ్వెనలాంటి అచ్చులో ఇంకా మిగిలి ఉండగానే కొత్త పడుగు తెచ్చి, ఒక్కో పాత కొనకు ఒక్కో కొత్త కొనను కలపాలి. వేల పోగులు. ముడి వెయ్యకూడదు, వేస్తే అచ్చుపళ్ళలో ఇరుక్కుని తెగుతుంది. రెండు కొనలు పక్కపక్కన పెట్టి, తడివేలికి బూడిద అద్ది, ఒక రుద్దు రుద్ది, వెనక్కి మడిచి ఇంకో రుద్దు రుద్దాలి. కుడిచెయ్యి రుద్దుతుంది. ఎడమచెయ్యి పాత కొనలను ఎత్తి పట్టుకుని పొద్దున కూర్చున్నప్పటినుంచి దీపం పెట్టేదాకా రొమ్ము ఎత్తున గాల్లో నిలబడుతుంది. చూసేవాళ్ళు కుడిచేతినే చూస్తారు. అసలు కష్టం ఎడమచేతిది.

వేలికి తడి నాలుకనుంచే వచ్చేది. ఆకూ వక్కా నమలని ఆడది పేటలో లేదు. పడుగు అతికేవాళ్ళకు మాత్రం ఆ సుఖం లేదు. ఎర్రనోటి తడి అంటితే తెల్లపట్టు చెడుతుంది, మగ్గం ఇంటివాడు చీపురు తీస్తాడు. అందుకని సొన్నమ్మ, ఆమెకు పని నేర్పిన ముసలి మునివెంకటమ్మ, ఆ ముసలిదానికి నేర్పినవాళ్ళు, అందరూ ఆకు మాని ఉత్త పొగాకు పట్టారు. ఎండుపొగాకు తుంట నాలుకకు ఎడమపక్కన, దవడకు ఆనించి పెట్టుకునేవాళ్ళు. రంగు రాదు, మచ్చ పడదు. పట్టును అంత జాగ్రత్తగా చూసుకున్నారు. నోటి సంగతి ఎవరికీ తోచలేదు.

దొడ్డబళ్ళాపురంలో ఇచ్చిన మొగుణ్ణి మూడేళ్ళకే వదిలేసి వచ్చింది. ఎందుకొచ్చావంటే, "ఆడ మగ్గాలు ఉండాయి గానీ మాట్లాడే మనుషులు లేరు" అనేది. అప్పటినుంచి తమ్ముడు మునిరాజు, మరదలు ఉండే ఇంట్లోనే ఉంది. మునిరాజు బట్టలమిల్లులో పనివాడు. అక్కతో జగడం వచ్చినప్పుడల్లా, మిల్లులో పోగులు అతికే యంత్రం వస్తుందట, నీ పని అయిపోయిందక్కా అని బెదిరించేవాడు. యంత్రం వచ్చేదాకా నీకు అన్నం పెట్టేది నేనే, తిని పో అనేది ఆమె.

పేటలో ఆమెకు ఒక చెడ్డపేరు ఉండేది. మంచి పట్టు కోసి పారేస్తుందని.

యాభై తొమ్మిదో సంవత్సరం వానల్లో గంగప్ప ఇంట్లో జరిగింది చెబితే అది తెలుస్తుంది. గంగప్పకు రెండు గుంటమగ్గాలు, బారెడు నోరు. పెంకు జారి వాననీళ్ళు కొత్త పడుగు మీద పడ్డాయి. రెండు రోజులకు మచ్చ కట్టింది. సొన్నమ్మ పడుగును చాప మీద పరిచి, మచ్చ ఆగినచోట వేలు పెట్టి, అక్కణ్ణుంచి ఇంకో జానెడు కొలిచి కత్తెర తీసింది.

"మచ్చ ఈడికే గదమ్మా. ఈడికే కొయ్యి. జానెడు జాస్తి ఏంటికి?" అన్నాడు గంగప్ప.

"నీళ్ళు యాడిదాకా పోయినాయో మచ్చకు తెలీదు గంగన్నా."

"నీ వేలికి తెలీదా? సొన్నమ్మ వేలికి దొరకని ముడి లేదని పేటంతా చెప్పుకుంటా ఉండాది."

"ముడి దొరుకుతాది. పుచ్చు దొరకదు. నేసేటప్పుడు పోగు తెగితే అప్పుడు దొరుకుతాది. అప్పుడు నువ్వు తిట్టేది నన్నే."

కోసేసింది. గంగప్ప ఆ తుంట తీసుకుని గడపమీద కూర్చుని ఒక్కో పోగూ లాగి చూశాడు. గట్టిగా ఉన్నాయి.

"చూడవే, ఇనుపతీగ మాదిరి ఉండాది. దీన్ని కోసినావు గదా."

"ముందే చెప్పుంటే కోసేదాన్ని కాదప్పా. ఇంకోసారి కొయ్యకముందే చెప్పు" అని సొన్నమ్మ తన పనిలో పడింది. పక్కమగ్గం దగ్గరున్నవాళ్ళు నవ్వారు. గంగప్పకు ఆ నవ్వు చాలాకాలం మానలేదు.

అరవై ఒకటి ఎండాకాలంలో ఆమె నాలుకకు బూడిద మండడం మొదలుపెట్టింది. వేలు తడి చేసుకునేటప్పుడు ఎడమ అంచున చురుక్కుమనేది. విరిగిన పన్ను గీరుకుంది అనుకుంది. తేనె, వెలిగారం పూసింది. తగ్గలేదు. ఒకరోజు వేలుపెట్టి చూసుకుంది. పైన రాగిగింజంత పుండు. దాని కింద గట్టిగా ఏదో ఉంది. పోగులో ముడి తగిలినట్టు తగిలింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పొగాకును కుడిపక్కకు మార్చుకుంది.

మునిరాజే కనిపెట్టాడు. "నీ మాట తగ్గిపోయిందక్కా. ఇల్లు నిమ్మళంగా ఉండాది. అయినా పద, ఆసుపత్రికి పోదాం" అన్నాడు.

ఆసుపత్రిలో ఐజాక్ అనే కుర్ర డాక్టరు చూశాడు. ఒంగోలు పక్కనుంచి వచ్చినవాడు. నాలుకను గుడ్డతో పట్టి బయటికి లాగి, పుండును కంటితో చూసి వదిలెయ్యకుండా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెల్లగా నలిపి చూశాడు. ఆ పట్టు సొన్నమ్మకు నచ్చింది. తర్వాత ఆమె వెనక నిలబడి దవడ కిందినుంచి భుజందాకా మెడను వేళ్ళతో తడిమాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. పెద్ద డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయనా తడిమాడు. ఇద్దరికీ ఏమీ దొరకలేదు.

పుండులో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరు అని వచ్చింది. మునిరాజు బయటికెళ్ళి బీడీ ముట్టించి, రెండు దమ్ములకే ఆర్పేసి మళ్ళీ లోపలికొచ్చాడు.

నాలుకలో ఆ ముక్క తీసెయ్యాలన్నదాంట్లో డాక్టర్లిద్దరికీ తగువు లేదు. తగువంతా మెడ దగ్గర వచ్చింది. ఆమె మంచం పక్కనే నిలబడి ఇంగ్లీషులో వాదించుకున్నారు. ఒకాయన ఆమె మెడకేసి వేలు చూపిస్తే ఇంకొకాయన కాదన్నట్టు తలాడించాడు. సంతలో ఎద్దును అటూఇటూ తిప్పి చూస్తున్నట్టు ఉంది ఆమెకు. చివరికి పెద్దాయన, ఆమెనే అడగండి, అని తెలుగులో అనేసి వెళ్ళిపోయాడు.

ఐజాక్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చూడమ్మా, ఈ జబ్బు నాలుక మీద ఉన్నంతసేపు చిన్నది. అక్కణ్ణుంచి మెడలో గ్రంథులకు దిగుతుంది. గ్రంథులంటే గింజల్లాంటివి, అందరికీ ఉంటాయి. జబ్బు దిగితే అవి పెరిగి చేతికి తగులుతాయి. మీకు తగలడం లేదు."

"తగల్లేదంటే లేదనే గదా."

"అదే చెప్పలేం. కొందరికి దిగి, చేతికి తగలకుండా దాక్కుని ఉంటుంది. మీ పుండు పైకి చిన్నదిగానీ లోపలికి మందంగా ఉంది. నేను చూసినంతవరకు మందంగా ఉన్నవే ఎక్కువగా మెడకు దిగుతున్నాయి. పెద్ద డాక్టరుగారు ఒప్పుకోరు. నాలుక వరకు తీసి, మెడను నెలనెలా చూస్తూ ఉందాం అంటారు. ఎడమపక్క మెడలో గింజలన్నీ ఇప్పుడే తీసెయ్యడం మంచిదని నేనంటాను."

"నీ తెలుగు రేడియోలో వార్తలు చదివినట్టు ఉండాది డాక్టరప్పా."

"మీది తెలుగో కన్నడమో నాకింకా తేలలేదు."

"మా తాతల కాలం నుంచి తెలుగే. నువ్వు స్వల్ప ఆలస్యంగా వచ్చినావు." మీరు అనే మాట సొన్నమ్మ నోట నాలుక బాగున్నప్పుడు కూడా వచ్చేది కాదు. "సరే, తీసేస్తావు. తీస్తే ఏం పోతాది?"

డాక్టరు తన భుజం మీద చెయ్యి వేసి చూపించాడు. "భుజాన్ని ఎత్తే నరం ఆ గింజల మధ్యనుంచే పోతుంది. వాటితోపాటు అదీ పోతుంది. ఎడమభుజం జారుతుంది. చెయ్యి పనిచేస్తుంది, కానీ ఎత్తి నిలబెట్టలేరు."

సొన్నమ్మ తన ఎడమచేతిని ముందుకు చాపి చూసుకుంది. పడుగు ముందర ఎలా నిలబెడుతుందో అలాగే నిలబెట్టింది. చాలాసేపు దించలేదు. మునిరాజుకు అర్థమైంది. డాక్టరుకు అర్థం కాలేదు. మునిరాజు చెప్పాడు, ఈమె బతుకంతా ఆ చేతిమీదే ఉందని.

"నా మెడలో ఉండాదా లేదా, అది చెప్పు" అంది ఆమె.

"తెలీదు."

"తెలుసుకునే దారి?"

"తీసి చూడటమే."

"తీసినాక లేదంటే మళ్ళీ పెడతావా?"

"పెట్టలేను."

"నా మాదిరోళ్ళు పదిమంది వస్తే ఎంతమందికి ఉంటాది?"

"ముగ్గురికో నలుగురికో. మీ పుండు మందం చూస్తే నలుగురికి దగ్గర అనిపిస్తోంది. ఆ నలుగురూ ఎవరో చెప్పలేను."

"అంటే ఆరుమందికి ఊరికే కోస్తావు."

"అవును. కొయ్యకపోతే ఆ నలుగురికి తర్వాత గడ్డ తేలుతుంది. అప్పటికి చాలామందికి ఆలస్యమైపోతుంది."

బొంకలేదు. దానికి సొన్నమ్మ మనసులో ఒక మార్కు వేసింది. కానీ కోపం మాత్రం వచ్చింది. ఇంత చదివినవాడు చదువులేని తనను అడుగుతున్నాడే అని. "నాలుక వరకే తియ్యి. మెడ సంగతి నేను చూసుకుంటా" అంది.

"మీరు ఎలా చూసుకుంటారు?"

ఆమె వేళ్ళు చూపించింది. "నీ వేళ్ళకంటే ఇవి బాగా చూస్తాయి."

ఆసుపత్రిలో ఉన్న ఆ వారం రోజూ పొద్దున నిద్ర లేవగానే ఆమె చేసిన మొదటి పని మెడ తడుముకోవడం. దవడ కిందినుంచి మొదలుపెట్టి, పడుగులో ముడి వెతికినట్టు, ఒక్కో నరం మీదుగా వేలు జార్చేది. ఏమీ లేదు. నున్నగా ఉంది. పక్కమంచం వాళ్ళకు కూడా చూపించేది. అడిగినవాళ్ళ మెడలు కూడా తడిమి చెప్పేది. వార్డులో చిన్నసైజు డాక్టరమ్మ అయిపోయింది.

నాలుక కొయ్యడానికి రెండురోజుల ముందు గంగప్ప అరటిపళ్ళు తీసుకుని చూడటానికి వచ్చాడు. ఆమె చెప్పినదంతా విన్నాడు. మెడలో ఏమీ దొరకలేదని, దొరకనిదాన్ని కోస్తామంటున్నారని, తాను వద్దన్నదని. విని అరటిపండు ఒలుచుకుని తానే తింటూ అన్నాడు:

"బాగుండాది సొన్నమ్మా. నా పడుగుకయితే మచ్చ దాటి జానెడు కోస్తివి. నీ మెడకాడికి వచ్చేసరికి మచ్చ వరకే చాలునా? నా పట్టుకు ఒక న్యాయం, నీ మెడకు ఒక న్యాయం."

మునిరాజుకు ఒళ్ళు మండింది. "చూసేదానికి వచ్చినావా, పాత పగ తీర్చుకునేదానికి వచ్చినావా?"

"నవ్వుతాలకి అన్నానప్పా" అని గంగప్ప తొక్క కిటికీలోంచి పారేశాడు.

సొన్నమ్మ ఆ పూట ఇంక మెడ తడుముకోలేదు. గంగప్ప తుంటరి మాట ఆమె లోపల ఎక్కడో సరిగ్గా తగిలింది. వేలికి పుచ్చు దొరకదని చెప్పింది తనే. ఇప్పుడు వేళ్ళే చాలని వార్డంతా చాటింపు వేస్తున్నదీ తనే. రెండూ ఒకే నోటితో అన్న మాటలు. ఒకటి అబద్ధమై ఉండాలి. ఎవరి పట్టో అయినప్పుడు కత్తెర ఎంత సులభంగా ఆడిందో ఆమెకు గుర్తొచ్చింది.

మరుసటిరోజు ఐజాక్ రాగానే, "మెడ కూడా తీసెయ్యి" అంది.

"ఎడమచెయ్యి పోతే ఏం చేస్తావక్కా?" అన్నాడు మునిరాజు.

"నీ ఇంట్లో కూర్చుని నీ పెండ్లాంతో జగడం ఆడతా."

దీన్ని ధైర్యం అని చెప్పుకున్నవాళ్ళు తర్వాత చాలామంది ఉన్నారు. ధైర్యం కాదు. తన మాటకు తాను దొరికిపోయింది. మనుషులు పెద్దపెద్ద నిర్ణయాలు ఇలాంటి కారణాలకే తీసుకుంటారు. పుస్తకాల్లో వేరేగా రాసుకుంటారు.

ఆపరేషన్ చాలాసేపు పట్టింది. మెలకువ వచ్చాక ఆమెకు నోరు తనది కాదనిపించింది. ఎడమపక్క చెవికిందినుంచి మెడదాకా గుడ్డలే. పదిరోజులు గొట్టంలోంచి గంజి. నాలుక చిన్నదయింది. కొన్ని అక్షరాలు లోపలే ఉండిపోయి మిగతావి బయటికి వచ్చేవి. మునిరాజుకు ఆ కొత్త భాష రెండురోజుల్లో పట్టుబడింది. పేటకు ఆర్నెల్లు పట్టింది.

ఐజాక్ తానే వచ్చి చెప్పాడు. నర్సుతో చెప్పించవచ్చు. చెప్పించలేదు.

"మెడలో తీసిన గింజలన్నీ కోసి చూశారమ్మా. ఒక్కదాంట్లో కూడా జబ్బు లేదు."

సొన్నమ్మ అతని ముఖంలోకి చూసింది. నవ్వాలో వద్దో తెలియని ముఖం.

"మంచి వార్తేనా?" అంది, వంకరపోయిన మాటతో.

"మంచిదే. జబ్బు దిగలేదు. ఇంక తిరిగి వచ్చే భయం చాలా తగ్గింది."

"నాకు చూడాల."

"ఏం చూడాలి?"

"కోసినవాటిని. నావే గదా."

అలాంటి కోరిక ఎవరూ కోరరు. అతను ఆలోచించి ఆమెను మెల్లగా నడిపించుకుంటూ వెనకవైపు గదికి తీసుకెళ్ళాడు. పింగాణీ పళ్ళెంలో, ముక్కు మండే నీళ్ళలో తడిసి, రెండేసి చెక్కలుగా కోసి ఉన్నాయవి. నానబెట్టి తొక్క తీసిన అనపగింజల్లా ఉన్నాయి. ఇంతేనా అనుకుంది. వేలు చాపింది. అతను వద్దనబోయి ఊరుకున్నాడు. సొన్నమ్మ ఒక్కో చెక్కనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసింది. చివరిదాకా చూసింది. ముడి లేదు.

"నా వేళ్ళు అప్పుడే చెప్పినాయి."

"చెప్పాయి" అన్నాడు ఐజాక్. "లోపల ఆవగింజలో సగమంత ఉండుంటే కూడా మీ వేళ్ళు లేదనే చెప్పేవి. నావీ లేదనే చెప్పేవి" అన్నాడు.

ఆమె చెయ్యి కడుక్కుంది. తాను గంగప్ప ఇంట్లో అన్న మాటే ఇది, రేడియో తెలుగులో. తెలిసినంతమాత్రాన కోపం పోదు గదా. తిరిగి మంచందాకా అతని ఆసరా లేకుండా నడిచింది. ఇంటికి పంపించేరోజు కూడా అతను నమస్కారం పెడితే తల ఊపి వెళ్ళిపోయింది.

ఎడమభుజం జారింది. రవికె ఆ పక్క నిలబడేది కాదు. చెయ్యి పనులన్నీ చేసేది. బియ్యం ఏరేది, చెంబు పట్టుకునేది. రొమ్ము ఎత్తుకు లేపి నిలబెడితే మాత్రం, ఎవరో కిందినుంచి లాగుతున్నట్టు దిగిపోయేది. రెండిళ్ళలో పడుగు ముందర కూర్చుని చూసింది. అతికేది సగం, దించుకునేది సగం. మూడో ఇంటికి పిలుపు రాలేదు. జాలిపడి పిలవలేదో, జాలి లేక పిలవలేదో, రెండూ ఒకటే.

నెలనెలా ఆసుపత్రికి పోవడం మాత్రం మానలేదు. అక్కడ ఒకసారి ఆమెలాంటి పుండే ఉన్న మనిషిని చూసింది. బీడీలు చుట్టేవాడు. మెడ కొయ్యొద్దని నాలుక వరకే తీయించుకున్నాడు. ఏడాది తిరిగేలోపల మెడలో నిమ్మకాయంత గడ్డతో మళ్ళీ వచ్చాడు, ఆ తర్వాత రాలేదు. ఐజాక్ ఆ సంగతి ఆమెకు చెప్పాడు, ఏదో ఒప్పజెప్పుతున్నట్టు. "ఆయన మెడ ఆయనది. నా మెడ నాది" అంది సొన్నమ్మ. కానీ ఆరోజు వెళ్ళేటప్పుడు నమస్కారానికి నమస్కారం పెట్టింది.

గంగప్ప చాలాకాలం ఆమె ఎదురు రాలేదు. మెడలో ఏమీ లేదట అన్న మాట పేటలో తిరిగినప్పటినుంచి అతని నోరు పడిపోయింది. కొళాయి దగ్గర కనపడితే సందు మారేవాడు. ఆఖరికి మునిరాజు దగ్గరికి వచ్చి గడపలో నిలబడి, "నేను నవ్వుతాలకి అన్నానప్పా. ఆ మాట పట్టుకుని కోయించుకుంటాదని నాకేమి తెలుసు" అన్నాడు.

లోపలినుంచి సొన్నమ్మ విన్నది. "నీ మాటకు నా మెడ కోయించుకునేంత పెద్దమనిషివా నువ్వు? పోయి నీ పని చూసుకో" అంది. అది అబద్ధం. ఇద్దరికీ తెలుసు.

రెండోరోజు గంగప్ప వచ్చి రమ్మన్నాడు, మగ్గం దగ్గర చూపించాలని. ఇంటి దూలానికి పాత చీర పేనిన తాడు కట్టి, చివర వెడల్పుగా ఉయ్యాల గుడ్డలా తొట్టి చేసి వేలాడదీశాడు. మోచెయ్యి అందులో పెట్టుకోవచ్చు. ఎత్తు సరిపోయేలా పైన ముడి జరుపుకునే వీలు పెట్టాడు.

సొన్నమ్మ కూర్చుని మోచెయ్యి అందులో పెట్టింది. చెయ్యి గాల్లో నిలబడింది, ఎవరో పట్టుకున్నట్టు.

"స్వల్ప ఎత్తు జాస్తి అయింది" అంది.

గంగప్ప స్టూలెక్కి తాడు దించాడు. ఆ తర్వాత ఎవరింటికి పనికెళ్ళినా ఆ తాడు సంచిలో పెట్టుకుని పోయేది. ముందరిలా వేగం లేదు. పొగాకు లేదు, నాలుక తడి అందదు, కొబ్బరిచిప్పలో నీళ్ళు పెట్టుకునేది. నీళ్ళ అతుకు నాలుక అతుకంత గట్టిగా రాదని గొణిగేది. నేసేవాళ్ళకు తేడా తెలిసేది కాదు.

అరవై మూడు వానాకాలం. గంగప్ప ఇంటి పెంకులు మళ్ళీ జారాయి. అతను ఏ ఏడూ పెంకులు సరిగా కప్పించడు. కొత్త పడుగు మళ్ళీ తడిసింది, మళ్ళీ మచ్చ కట్టింది. సొన్నమ్మ ఉయ్యాలగుడ్డలో మోచెయ్యి పెట్టుకుని కూర్చుంది. పడుగు ముందర పరిచారు. కుడిచేతిలో కత్తెర. మచ్చ ఆగినచోట చూపుడువేలు పెట్టింది. తర్వాత చేసే పని పేటంతా ఎరిగిందే. గంగప్ప ఈసారి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

ఆమె కొలవలేదు.

"ఏమంటావు గంగన్నా, యాడికి కొయ్యల్ల?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె ఎవర్నీ అడగలేదు. గంగప్ప బెదిరిపోయాడు.

"నన్ను అడుగుతావేంటికి? పని నీది."

"పట్టు నీది."

"నాకేమి తెలుసమ్మా? తెలియాల్సింది నీకు."

"నాకూ తెలీదు" అంది సొన్నమ్మ. "ఎప్పుడూ తెలీదు. అందుకే జానెడు."

గంగప్ప మచ్చను చూశాడు. ఆమె జారిన భుజాన్ని చూసి చప్పున చూపు తిప్పుకున్నాడు. దూలానికి కట్టిన తాడు కేసి చూశాడు. ఏం చెప్పినా తప్పయ్యేలా ఉంది. చివరికి, "ఎప్పుడూ కోసినట్టే కొయ్యి" అన్నాడు.

ఆమె జాన కొలిచింది. కత్తెర ఆడింది. తుంట గంగప్ప చేతిలో పడింది. పాత అలవాటు కొద్దీ అతని వేళ్ళు ఒక పోగును పట్టుకుని రెండుచేతుల మధ్యకు తెచ్చాయి.

"పీకి చూడొద్దు" అంది సొన్నమ్మ.

"ఊరికే చూస్తానమ్మా."

"చూసి ఏం చేస్తావు? మళ్ళీ అతుకుతావా? పొయ్యిలో పెట్టు, పో."

గంగప్ప పోగు వదిలేసి, తుంట ఉండచుట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. పట్టు కాలి, వెంట్రుకలు కాలినట్టు వాసన మగ్గం దాకా వచ్చింది. ఏం కాలుస్తున్నావు అన్నం పొయ్యిలో అని లోపల అతని పెండ్లాం అరిచింది. సొన్నమ్మ కొబ్బరిచిప్పలో వేలు ముంచి, బూడిద అద్ది, మొదటి పోగు అందుకుంది.